ఆ అమ్మ మందిరానికి రావడం ఎందుకు మానేసింది?



ఈ సంపాదకీయాన్ని ఒక ఒప్పుకోలుతో మొదలుపెట్టాలి. ఒప్పుకోవలసింది నేనే.

పట్టాభిరామ్‌లో మా సంఘానికి ఒక అమ్మ వస్తుండేది. యాభై దాటిన మనిషి, నలుగురు పిల్లల తల్లి. ఏళ్ళ తరబడి ఆదివారం ఆరాధన తప్పిపోలేదు. అలాంటి ఆమె ముందు వరుస నుండి మెల్లగా వెనక్కి జరిగింది. తర్వాత తలుపు పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ప్రభువు బల్ల దగ్గర మోకరించడం మానింది. చివరికి రావడమే మానేసింది.

నేను ఇంటికి వెళ్ళాను. "ఏమ్మా, ప్రభువు మీద మొదటి ప్రేమ చల్లారిపోయిందా?" అని అడిగాను. ఆమె తల వంచుకుని, "ఒంట్లో బాగుండడం లేదయ్యగారూ" అంది. నేను బైబిలు తెరిచి, సమాజముగా కూడుకోవడం మానకూడదని బోధించి, ప్రార్థన చేసి వచ్చేశాను.

వారం తర్వాత మా ఇంటావిడ ఒక్కతే వెళ్ళింది. ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లో కూర్చున్నాక గాని అసలు మాట బయటకు రాలేదు. "దగ్గినా, తుమ్మినా, పాట పాడడానికి లేచి నిలబడినా ఒంటేలు పడిపోతోందమ్మగారూ. చీర తడిసిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు వాసన వస్తుందేమోనని ప్రాణం పోతుంది. దేవుని మందిరంలో అలా ఎలా కూర్చునేది?" శనివారం సాయంత్రం నుండే నీళ్ళు తాగడం మానేసేదట. ఇలా ఆరేళ్ళు. భర్తకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, డాక్టరుకు చెప్పలేదు.

ఆమె విశ్వాసంలో ఏ లోపమూ లేదు. ఆమె ఒంట్లో ఒక కండరం బలహీనపడింది, అంతే. అసలు లోపం మా దగ్గర ఉంది. మూడు గంటల ఆరాధన పెట్టి, మందిరానికి మరుగుదొడ్డి కట్టనివాళ్ళం మేము. ఆమెను మందలించి వచ్చినవాణ్ణి నేను. పేరు లేకుండా ఈ సంగతి రాయమని ఆమే చెప్పింది. "ఇంకొకరైనా చెప్పుకుంటారు కదయ్యగారూ" అంది. అందుకే రాస్తున్నాను.

ఇది ఏమిటి?

మన ఇళ్ళలో పసిబిడ్డకు చీరతో ఉయ్యాల కడతాం కదా, ఆడవారి శరీరంలో కూడా అలాంటిదొకటి ఉంది. ముందు ఎముక నుండి వెనుక తోక ఎముక వరకు పరచుకున్న కండరాల పొర అది. మూత్రసంచిని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని కింద నుండి మోస్తుంది. డాక్టర్లు దాన్ని పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రద్వారాన్ని బిగించి పట్టేది కూడా ఈ కండరాలే.

ఉయ్యాల గుడ్డ సాగిపోతే బిడ్డ కిందికి జారినట్టే, ఈ కండరాలు సాగిపోతే అవయవాలు జారుతాయి, మూత్రం ఆగదు. గర్భం, కాన్పు దీనికి పెద్ద కారణాలు. నొప్పులు ఎక్కువసేపు పడినా, బిడ్డ బరువు ఎక్కువైనా, పట్టకారుతో బిడ్డను లాగినా ఆ కండరాలు ఇంకా దెబ్బతింటాయి. ముట్లు ఆగిపోయే వయసు, అధిక బరువు, ఏళ్ళ తరబడి వదలని దగ్గు, మలబద్ధకం, రోజూ బరువులు ఎత్తే పని కూడా కారణాలే. షుగరు జబ్బు దీన్ని ఇంకా పెంచుతుంది.

దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, బిందె ఎత్తినప్పుడు పడిపోవడం ఒక రకం. ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా వచ్చి, మరుగుదొడ్డి చేరేలోపే పడిపోవడం ఇంకో రకం. చాలామందికి రెండూ కలిసి ఉంటాయి. కష్టమైన కాన్పు తర్వాత గాని, గర్భసంచి ఆపరేషన్ తర్వాత గాని రాత్రీ పగలూ ఆగకుండా కారుతూ ఉంటే అది వేరే సంగతి. మూత్రసంచికి, యోనికి మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. దానికి ఆపరేషన్ కావాలి, ఆపరేషన్‌తో బాగవుతుంది కూడా. ఇథియోపియాలో అలాంటి స్త్రీలను ఇంటివాళ్ళే వెలివేస్తుంటే, కేథరిన్ హామ్లిన్, రెజినాల్డ్ హామ్లిన్ అనే క్రైస్తవ వైద్య దంపతులు 1974లో అడిస్ అబాబాలో వారికోసమే ఒక ఆసుపత్రి కట్టారు.

"వయసైతే ఇంతే", "పిల్లల్ని కన్నాక మామూలే" అని మన పెద్దవాళ్ళు అంటారు. చాలామందికి వస్తుంది, నిజమే. అయినంత మాత్రాన భరించి తీరాలని లేదు. 1948లో ఆర్నాల్డ్ కేగెల్ అనే అమెరికన్ స్త్రీవైద్యుడు ఈ కండరాలకు వ్యాయామం నేర్పించి ఫలితాలు ప్రకటించాడు. నేటికీ దగ్గుతో, తుమ్ముతో పడిపోయేవారికి డాక్టర్లు మొదట చెప్పేది ఆ వ్యాయామమే. దానికి డబ్బు అక్కరలేదు. ఎవరో ఒకరు చెప్పాలి, అంతే.

ఇంట్లోనే చేయగలిగింది

అపానవాయువు బయటకు రాకుండా ఆపుకునేటప్పుడు ఏ కండరం బిగుస్తుందో గమనించండి. దాన్నే బిగించి పైకి లాగాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. ఐదు లెక్కపెట్టేవరకు పట్టి ఉంచి, అంతేసేపు పూర్తిగా వదలాలి. ఒక్కో విడతకు ఎనిమిది నుండి పది సార్లు, రోజుకు మూడు విడతలు. కనీసం మూడు నెలలు ఆగకుండా చేయాలి. పడుకుని నేర్చుకుని, తర్వాత కూర్చుని, నిలబడి చేయవచ్చు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ దీన్ని అలవాటు చేసుకోవద్దు. దగ్గు వచ్చే ముందు, బరువు ఎత్తే ముందు ఒకసారి బిగించి పట్టడం అలవాటైతే ఎంతో తేడా తెలుస్తుంది.

ఆపుకోలేనంత తొందర ఉన్నవారు మూత్రసంచికి మెల్లగా శిక్షణ ఇవ్వాలి. రాగానే పరుగెత్తకుండా ఐదు నిమిషాలు ఆగడం, కొన్ని రోజులకు పది నిమిషాలు, అలా వ్యవధి పెంచుకుంటూ పోవడం. కాఫీ, టీ తగ్గించాలి. నీళ్ళు మాత్రం మానకూడదు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్, మలబద్ధకం వస్తాయి, సమస్య ఇంకా ముదురుతుంది.

మూత్రంలో రక్తం, మంటతో జ్వరం, కింద ఏదో జారి బయటకు వచ్చినట్టు ఉండడం, కాళ్ళ మధ్య స్పర్శ తెలియకపోవడం, వ్యాయామం చేస్తే నొప్పి పెరగడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరును చూడాలి. వ్యాయామం సరిగా చేస్తున్నామో లేదో ఫిజియోథెరపిస్టు చూసి చెప్పగలరు. మందులు ఉన్నాయి, జారిన అవయవాన్ని ఆపే రింగు ఉంది, అవసరమైతే ఆపరేషన్ ఉంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అవసరమైన ఆపరేషన్లు ఉంటాయి, కాదనను. అయితే మూత్రం కారడానికి గర్భసంచి తీసేయడం మందు కాదు. ఎవరైనా అలా చెబితే, ఇంకో డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు.

ఇది న్యాయానికి సంబంధించిన మాట

ఆరోగ్యం గురించి సంపాదకీయం ఎందుకని కొందరు అనుకోవచ్చు. మన ప్రాంతాన్నే చూడండి. తిరుత్తణి నుండి చెన్నై సెంట్రల్‌కు లోకల్ రైలులో దాదాపు రెండు గంటలు పడుతుంది. ఆ పెట్టెల్లో మరుగుదొడ్డి ఉండదు. తిరువళ్ళూరు, పట్టాభిరామ్, ఆవడి స్టేషన్లలో ఎక్కి అంబత్తూరు కంపెనీలకు, నగరంలో ఇంటి పనులకు, దుకాణాలకు వెళ్ళే మన అక్కలు ఇల్లు దాటే ముందు గుక్కెడు నీళ్ళు తాగడానికి కూడా లెక్క వేసుకుంటారు.

కేరళలో కోజికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీల కష్టం కూడా ఒకప్పుడు ఇదే. రోజంతా నిలబడవలసి వచ్చేది, మరుగుదొడ్డి ఉండేది కాదు. దర్జీ పని చేసిన పి. విజి, "పెణ్‌కూట్టు" అనే స్త్రీల సంఘంతో మొదట మరుగుదొడ్డి కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాడింది. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వసతి ఇవ్వాలని చట్టం సవరించింది. సిగ్గుతో మూసుకున్న నోళ్ళు కలిసి తెరుచుకుంటే రెండు రాష్ట్రాల చట్టాలు మారాయి.

మనకు భాష కష్టం కూడా ఉంది. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు గీత మారినా ఇళ్ళలో తెలుగు మారలేదు. తెలుగులోనే చెప్పుకోలేని మాటను మన అమ్మలు తమిళంలో, అదీ మగ డాక్టరు ముందు, ఎలా చెబుతారు? "యూరిన్ ఆగడం లేదు" అన్న ఒక్క మాట చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. ఆ మాట చెప్పడానికి తోడు వెళ్ళే మనిషి కావాలి.

చెప్పుకోలేకపోవడం ఎంత ప్రమాదమో మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రకు బాగా తెలుసు. ఆర్కాటు మిషన్ డాక్టరు కూతురు ఐడా స్కడర్ యువతిగా తిండివనంలో ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వేర్వేరుగా వచ్చి, ప్రసవ వేదనలో ఉన్న తమ భార్యల కోసం సహాయం అడిగారు. ఆమె తండ్రి డాక్టరే, కానీ మగ డాక్టరు చూడడానికి వారు ఒప్పుకోలేదు. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ రాత్రే ఆమెను వైద్యురాలిని చేసింది. 1900లో వేలూరులో ఆమె మొదలుపెట్టిన చిన్న వైద్యశాలే నేటి సీఎంసీ. 1918లో అక్కడ స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. ఆ వారసత్వం ఉన్న సంఘాలం మనం. మనమే మౌనంగా ఉంటే ఎలా?

ప్రభువు ఎక్కడ నిలబడ్డాడు?

పన్నెండు సంవత్సరాలు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని తలచుకోండి. లేవీయకాండము 15వ అధ్యాయం ప్రకారం ఆమె అపవిత్రురాలు, ఆమె కూర్చున్న చోటు కూడా అపవిత్రమే. అందుకే వెనుక నుండి, ఎవరూ చూడకుండా వచ్చింది. యేసు ఆమెను గద్దించలేదు. ఆగి, ఆమె నిజమంతా చెప్పేదాకా విని, కుమారీ అని పిలిచాడు. యాయీరు ఇంటికి వెళ్ళే తొందరలో కూడా ఆగాడు. నేను ఆ అమ్మ ఇంటికి వెళ్ళిన రోజు ప్రసంగం చేశాను, వినలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో పౌలు, ఘనత లేనివని మనం అనుకునే అవయవాలనే ఎక్కువగా ఘనపరచాలంటాడు. ఆ మాటను మనం సంఘ ఐక్యతకు వాడుకుంటాం. నిజమైన శరీరానికి కూడా వర్తింపజేద్దాం.

మనం చేయవలసినవి

సంఘ పెద్దలారా, మందిరానికి సౌండ్ బాక్సులు కొనే ముందు మరుగుదొడ్డి కట్టండి. లోపల నీళ్ళు, గడియ, మూత ఉన్న బుట్ట పెట్టండి. ఆరాధన మధ్యలో లేచి వెళ్ళేవారిని వేదిక మీద నుండి గద్దించవద్దు. కింద కూర్చోలేనివారికి, మోకరించలేనివారికి కుర్చీలు వేయండి.

స్త్రీల సమాజం అమ్మలారా, ఏడాదికి ఒక కూటమైనా ఒక నర్సునో ఫిజియోథెరపిస్టునో పిలిపించి వ్యాయామాలు నేర్చుకోండి. తమిళనాడు ప్రభుత్వం 2021లో ప్రారంభించిన "మక్కళై తేడి మరుత్తువం" పథకంలో ఇంటి వద్దకు ఫిజియోథెరపీ సేవలు కూడా ఉన్నాయి. మీ వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్తను అడగండి. బాలింతలకు ఈ వ్యాయామం మీరే చెప్పండి.

భర్తలారా, మంచం మీద తడి కనిపిస్తే ముఖం చిట్లించవద్దు. ఆసుపత్రికి తోడు వెళ్ళండి.

యౌవనస్థులారా, దీన్ని జోకు చేసే వీడియోలు ముందుకు పంపవద్దు. అమ్మకు, నాయనమ్మకు ప్యాడ్లు కావాలంటే మెడికల్ షాపుకు మీరే వెళ్ళి తెండి. పెద్దాసుపత్రిలో ఏ విభాగానికి వెళ్ళాలో ఫోనులో చూసి చెప్పండి. మీలో వైద్యం, నర్సింగు, ఫిజియోథెరపీ చదువుతున్నవారు మీ సొంత సంఘం నుండే సేవ మొదలుపెట్టండి.

ఆ అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మా ఇంటావిడ ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. నాలుగు నెలలు వ్యాయామం చేసింది. పూర్తిగా తగ్గలేదు, చాలా తగ్గింది. మొన్న ఆదివారం రెండో వరుసలో కుర్చీలో కూర్చుని, పాటకు లేచి నిలబడింది. మందిరం వెనుక ఇప్పుడు మరుగుదొడ్డి ఉంది. కట్టడానికి పదకొండు రోజులు పట్టింది. కట్టాలన్న ఆలోచన రావడానికి మాకు పద్నాలుగేళ్ళు పట్టింది.

మీ సంఘానికి అంతకాలం పట్టకూడదని నా ప్రార్థన. ఈ ఆదివారం మీ మందిరంలో వెనుక వరుస వైపు ఒకసారి చూడండి. తలుపు పక్కన ఎవరు కూర్చున్నారో, ఎవరు రావడం మానేశారో కనుక్కోండి. వెళ్ళి, ముందు వినండి.