ఏరు దాటిన తరువాతి తెప్ప

ఏరు దాటి తెప్ప తగలేసినట్లు అన్న సామెత ఎరుగని తెలుగువాడు ఉండడు. 2020, 2021 సంవత్సరములలో కరోనా తాకిడికి నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్లను తాత్కాలికముగా నియమించి, తాకిడి తగ్గిన పిమ్మట ఇండ్లకు పంపిన తీరు చూచినపుడు నాకు ఆ సామెతయే తోచినది. ఆపత్కాలమున పిలిచిన వారినందరిని ఎల్లకాలము పోషించుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. కనుక నా అభ్యంతరము పంపివేయుట గురించి కాదు. పిలిచిన పద్ధతి గురించి, పంపిన పద్ధతి గురించి.

2021 మే 3న కేంద్ర ప్రభుత్వము ఒక ప్రకటన చేసినది. హౌస్‌సర్జన్లను అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ విధులకు వాడుకొనవచ్చును. ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరపు విద్యార్థులు ఫోనులో సలహాలు చెప్పవచ్చును. బి.ఎస్సీ. నర్సింగ్, జి.ఎన్.ఎం. చదివినవారిని సీనియర్ నర్సుల అజమాయిషీలో పూర్తికాలము నియమింపవచ్చును. ఇట్లు నూరు రోజులు పనిచేసినవారికి రెగ్యులర్ ప్రభుత్వోద్యోగములలో ప్రాధాన్యము ఇత్తుమనియు చెప్పిరి.

నూరు రోజులు! ఈ మాటను గుర్తుంచుకొనుడు.

మన రాష్ట్రపు నియామక ప్రకటనలలో లెక్క వేరు. నూటికి 75 మార్కులు అర్హత పరీక్షకు. చదువు ముగిసి గడచిన ఏడాదికొకటి చొప్పున 10 వరకు. కాంట్రాక్టు సేవకు 15 వరకు. అందు కోవిడ్ సేవకు ఆరు నెలలకు 5, ఏడాదికి 10, ఏడాదిన్నరకు 15. పట్టణములో మామూలు కాంట్రాక్టు సేవకు ఆరు నెలలకు ఒక్క మార్కే గనుక దీనిని ఉదారమే అనవలెను. అయితే కొలబద్ద ఆరు నెలలు. కేంద్రము చెప్పిన నూరు రోజులకు ఇందులో చోటెక్కడ?

రేపల్లె వైపు పల్లె నుండి వచ్చి నా వద్ద తెలుగు చదువుకొన్న పిల్ల యొకతె నర్సయినది. 2021 మే నెలలో, ఆసుపత్రి వరండాలలో కూడ మంచములు వేసిన రోజులలో, చేరినది. అయిదవ నెలలో ‘ఇక రానక్కరలేదు’ అన్నారు. “ఇంకొక్క నెల ఉంచితే ఏం పోయింది మాస్టారూ?” అని నన్నడిగినది. నేనేమి చెప్పుదును? తాత్కాలికము అనగా తత్కాలమునకు చెందినది అని తరగతిలో వ్యుత్పత్తి చెప్పినవాడను నేనే. ఆ తత్కాలము ఎటువంటిదో లెక్కగట్టు పద్ధతి మాత్రము మన ఉత్తర్వులలో లేదు. 2021 మే నాటి ముప్పది రోజులును, ఉధృతి తగ్గిన తరువాతి ముప్పది రోజులును ఒకే తూకమున తూగుచున్నవి. ఇది న్యాయమని నేననుకొనను.

ఇక అనుమతుల సంగతి. ఆపద కదా యని అర్హత లేనివారి చేతికి సూది ఇమ్మనువారున్నారు. నేను ఒప్పుకొనను. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టము 32వ సెక్షనులో పరిమితమైన లైసెన్సు ఒకటి ఉన్నది, నిజమే. అదియు ఆధునిక వైద్యముతో సంబంధమున్న వృత్తిలోని వారికే గాని ఊరిలో సంచి పట్టుకొని తిరుగు ప్రతివారికి కాదు. సడలింపవలసినది చదువును కాదు, కాగితములను. కర్ణాటకలోనో తమిళనాడులోనో నర్సింగు చదివి అక్కడనే నమోదైన పిల్ల తెనాలిలో ఉద్యోగము చేయవలెనన్న అక్కడి కౌన్సిలు నుండి నిరభ్యంతర పత్రము రావలెను, ఇక్కడ మరల నమోదు కావలెను. రోగము అంతవరకు ఆగునా? 2020 మార్చిలో బ్రిటన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్, ఇటీవలనే వృత్తి మానిన వేలాది వైద్యులకు వారు దరఖాస్తు పెట్టకుండగనే తాత్కాలికముగా రిజిస్ట్రేషను ఇచ్చినది. వద్దనుకొన్నవారు వద్దనవచ్చును. పట్టిక ముందే చేతిలో ఉన్నది గనుక అది సాధ్యమైనది.

మనకు పట్టిక లేకపోగా, ఉన్న కాగితములును చెల్లాచెదరైనవి. 2021లో తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును గుంటూరు జిల్లాయే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరినది, తెనాలి గుంటూరులోనే మిగిలినది. నాడు గుంటూరు కార్యాలయపు ఉత్తర్వుతో రేపల్లెలో పనిచేసినవారు నేడు బాపట్లలో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టవలెనన్న, సేవా ధ్రువపత్రమునకై మరల గుంటూరు పోవలసినదే. అక్కడి అధికారులు మారియుందురు, దస్త్రము ఏ బీరువాలో ఉన్నదో!

ఈ తీరమునకు ఆపదలు క్రొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారు ఇంకను ఉన్నారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల వద్దనే తీరము దాటినది. నీరు తీసిన వెనుక రోగములు వచ్చును, మరల మనుషులు కావలసివచ్చును. అప్పుడు పిలిచిన ఆ పిల్ల వచ్చునా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రులలో ఒక్కొక్క పుస్తకము పెట్టి, చుట్టుప్రక్కల ఉన్న నర్సుల, టెక్నీషియన్ల, విశ్రాంత వైద్యుల పేర్లు, కౌన్సిలు నంబర్లు, పునరుద్ధరణ తేదీలు ఏటేటా సరిచూచి వ్రాసికొనవచ్చును. తాత్కాలికముగా చేరినవారికి పనిచేసిన రోజులు, వార్డు పేరు వ్రాసిన ధ్రువపత్రమును ఆఖరి నాడే, జీతముతో పాటు చేతిలో పెట్టవచ్చును. దీనికి క్రొత్త చట్టమేదియు అక్కరలేదు. ఒక గుమాస్తా, ఒక రబ్బరు ముద్ర చాలును.