ఇంధన పొదుపు: నీటి స్కూటరుకు మైలేజీ ఎంత?

సెలవులకు గోవా వెళ్ళి వచ్చిన పిల్లలు ఇంట్లో తప్పక వేసే ప్రశ్న ఇది. నేలమీది స్కూటరు లీటరుకు నలభై, యాభై కిలోమీటర్లు నడుస్తున్నప్పుడు, అలలపై దూసుకుపోయే ఆ వాహనం ఎంత దూరం పోతుంది? నిజానికి నీటిపై లెక్క లీటరుకు కిలోమీటర్లలో కాక, గంటకు లీటర్లలో వేయడం ఆనవాయితీ. ఎదురుగాలి, అలలు, ప్రవాహం మారినప్పుడల్లా దూరపు లెక్క తారుమారవుతుంది.

2014లో సీ-డూ పేరిట మార్కెట్టులోకి వచ్చిన ‘స్పార్క్’ అనే చిన్న నమూనాను తీసుకుందాము. పొదుపైనదని పేరు పొందిన వాహనమిది. ట్యాంకులో 30 లీటర్ల పెట్రోలు పడుతుంది. 90 అశ్వశక్తి గల ఇంజనును పూర్తి వేగంతో నడిపితే గంటకు సుమారు పాతిక లీటర్లు ఖర్చవుతాయి. దూరంలో చెప్పాలంటే లీటరుకు మూడు కిలోమీటర్లు! సూపర్ ఛార్జరు గల 300 అశ్వశక్తి వాహనాలైతే గంటకు 80 లీటర్లకు పైగా త్రాగివేస్తాయి. పేరుకు స్కూటరే గాని ఆకలి లారీని మించినది.

కారణం నీటి బరువులో ఉన్నది. గాలికంటె నీరు సుమారు 800 రెట్లు సాంద్రమైనది. మూడు మీటర్ల వాహనం గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల లోపు మెల్లగా పోతే నీటిని చీల్చుకొని సాగుతుంది, ఖర్చు స్వల్పం. వేగం కాస్త పెంచగానే ముక్కు పైకి లేచి, వెనుక భాగం క్రుంగి, తాను లేపిన అలనే తాను ఎక్కవలసి వస్తుంది. ఇంధనం వృథా అయ్యేది ఈ దశలోనే. మరికొంత వేగం అందుకొంటే వాహనం నీటి ఉపరితలంపైకి లేచి జారుతూ పోతుంది. అలా లేచిన తరువాత యాక్సిలరేటరును కొద్దిగా తగ్గించి నిలకడగా నడపడమే పొదుపైన పద్ధతి. సరదాకు వచ్చినవారు ఈ మాట వింటారా అన్నది వేరే సంగతి.

బ్రతుకుతెరువుకై సముద్రంలోకి వెళ్ళే మన కోస్తా మరపడవల విషయంలో ఇది సరదా కాదు. అవి నీటిని చీల్చుకొని పోయే రకం. వాటికి కావలసిన శక్తి దాదాపుగా వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అందుచేత వేగాన్ని పదోవంతు తగ్గిస్తే, అంతే దూరానికి డీజిలు సుమారు ఐదోవంతు మిగులుతుంది.

నీటి స్కూటరుకు బయట రెక్కల చక్రం ఉండదు. లోపలి ఇంపెల్లరు నీటిని పీల్చి వెనుకకు చిమ్ముతుంది. ఒడ్డున లోతులేని చోట నడిపితే ఇసుక లోనికి పోయి ఇంపెల్లరు చుట్టూ ఉన్న కంకణాన్ని అరగదీస్తుంది. సందు పెరిగిన కొద్దీ ఇంజను అరుపే తప్ప ముందుకు నెట్టే బలం తగ్గిపోతుంది. అద్దె వాహనాలలో ఈ లోపం ఎక్కువ.

పాత రెండు స్ట్రోకుల ఇంజన్లలో మరొక నష్టం ఉండేది. పోసిన ఇంధనంలో నాలుగోవంతు వరకు మండకుండానే నీటిలో కలిసేది. అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దున గల తాహో సరస్సు చుట్టుపక్కల ఊళ్ళకు త్రాగునీరు. అక్కడ 1999 జూన్ నుండి కార్బురేటరు గల రెండు స్ట్రోకుల ఇంజన్లను నిషేధించారు. 2002 నాటికి యమహా, సీ-డూ, హోండా నాలుగు స్ట్రోకుల వాహనాలను తెచ్చాయి.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. ఈ వాహనానికి తెడ్డు ఉండదు, తెరచాప ఉండదు. పెట్రోలు అయిపోతే గాలి ఎటు తోస్తే అటే పోతుంది. అందుకే నావికులు ట్యాంకును మూడు భాగాలుగా లెక్కిస్తారు: ఒక భాగం పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ఆపద్ధర్మంగా. తెల్లవారుజామున నేలగాలి సముద్రం వైపు వీస్తుంది. పోయేటప్పుడు అది వెన్నుతట్టి పంపుతుంది; తిరిగి వచ్చేటప్పుడు ఎదురు నిలిచి, పోయినదానికంటె ఎక్కువ పెట్రోలు అడుగుతుంది.