సైకిలు వచ్చినది, దారి ఏది?

సైకిలు పేదవాని వాహనమనియు, మోటారు బండి కొన్ననాడే మనిషి పైకి వచ్చినట్లనియు తలచువారు మన వేలూరు, గుడియాత్తము పట్టణములలో పెక్కుమంది కలరు. ఈ అభిప్రాయముతో మేము ఏకీభవింపజాలము.

తెలుగు మాధ్యమ పాఠశాల వీధి వీధికి ఉండదు. తమిళ పాఠశాల ఇంటి ప్రక్కనే యున్నను, తెలుగు చదువుకొరకు దూరమునుండి వచ్చు పిల్లలు మనకు కలరు. బస్సు తప్పినచో వారికి ఆనాటి పాఠము తప్పును. కావున సైకిలు మనకు వినోద వస్తువు కాదు; భాషను నిలుపుకొను సాధనము.

తమిళనాడు ప్రభుత్వము 2001లో షెడ్యూల్డు కులముల, తెగల బాలికలకు ఉచితముగా సైకిళ్ల నీయ నారంభించినది. 2005లో ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోని పదునొకండవ తరగతి విద్యార్థులకెల్ల ఆ సౌకర్యమును విస్తరించినది. ఇది మెచ్చదగిన పని. కాని సైకిలు నిచ్చి దారి నీయకున్న ఫలమేమి? బస్సులు, లారీలు ఒత్తుకొని పోవు ఇరుకు దారిని ఏ తల్లి ధైర్యముగా కూతును పంపగలదు?

నెదర్లాండ్సు దేశములో 1971వ సంవత్సరమున నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్డు ప్రమాదములలో మరణించిరి. తల్లిదండ్రులు వీధుల కెక్కి ఆందోళన సల్పిరి. నేడు ఆ దేశము సైకిలు దారులకు పేరు గాంచినది. అంత దూరమేల? మన రాష్ట్రములోనే, పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాత సాగిన అక్షరాస్యతోద్యమమున, కలెక్టరు షీలా రాణి చుంకత్ ప్రోత్సాహముతో వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు తొక్క నేర్చిరి. 

హైదరాబాదు ఔటరు రింగు రోడ్డు ప్రక్కన 2023లో సౌర ఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైనది. వ్యాయామమునకు అది మంచిదే. మనకు కావలసినది ఇంటికిని బడికిని, బజారునకును నడుమ దారి.

“వీధులు ఇరుకు, చోటెక్కడ?” అని కొందరడుగుదురు. అంగళ్ల ముందు గంటల తరబడి నిలిచియుండు కార్లకు దొరకిన చోటు పిల్లలకు దొరకకపోవునా? బడి మొదలగు వేళ, విడుచు వేళ అరగంటసేపు ఆ వీధులలో లారీల నాపవచ్చును. వేలూరు, కాట్పాడిల నడుమ పాలారు వంతెనపై సైకిళ్లకు వేరుగా అంచు నేర్పరుపవచ్చును. రైల్వే స్టేషనులయొద్ద నీడగల స్టాండులు కట్టవచ్చును. మన ఎండలకు దారి ప్రక్కన వేప, కానుగ చెట్లు నాటవలెను. వీనిలో ఏదియు అసాధ్యము కాదు.

తల్లిదండ్రులారా! అడుగనిదే అమ్మయైనను పెట్టదు. తమిళములోను, తెలుగులోను ఒక విన్నపము వ్రాసి, పొరుగు తమిళ పాఠశాలల తల్లిదండ్రుల చేవ్రాళ్లను గూడ చేర్చి, పురపాలకుల కందజేయుదము. దారి ఇరువురి పిల్లలకును ఒకటే గదా!