తెరచాటు పాలనము

రేషను బియ్యమునకై పేదవాడు యంత్రముపై వ్రేలిముద్ర వేయవలెను. ముద్ర కలియక రిక్తహస్తములతో మరలినవారెందరో! ప్రభుత్వము ప్రజల నింతగా చూచుచున్నది. ప్రజలు ప్రభుత్వమును చూచుటకు గవాక్షమేది? 2005 నాటి సమాచారహక్కు చట్టమే. అందలి 8(1)(జె) నిబంధన, ప్రజాకార్యములకు చెందనిదియో, అకారణముగ ఏకాంతమును భంగపరచునదియో యైనప్పుడే వ్యక్తిగత సమాచారమును దాచనిచ్చెను. విస్తృత ప్రజాహితమున్నచో దానినైనను వెల్లడింపుమనెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము ఈ హద్దులను చెరిపి, వ్యక్తిగతమైనదెల్ల మరుగుపరుపవచ్చుననినది. ప్రజాహితము కొరకు 8(2) నిబంధన మిగిలియున్నదని ఏలినవారి సమాధానము. నిజమే, కాని ఆ తాళపుచెవి అధికారి చేతనే యున్నది! మస్టరులోని పేర్లును వ్యక్తిగతములే యైనచో దొంగలెక్కలను పట్టువారెవరు? పేదవాని వ్రేలిముద్రకు లేని దాపరికము, ప్రజాధనమును మ్రింగినవాని పేరునకేల? పూర్వపు హద్దులను మరల నిలుపవలయును.