ప్రీమియం తక్కువే, మరి ఖాతా సంగతి?

ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో అమెరికాలో చాలా కంపెనీలు మరుసటి ఏడాదికి ఆరోగ్యబీమా ఎంచుకోమని ఉద్యోగుల్ని అడుగుతాయి. మనవాళ్ళలో చాలామంది ప్రీమియం ఏది తక్కువో చూసి, హై డిడక్టిబుల్ ప్లాను మీద టిక్కు పెట్టి ఊరుకుంటారు. ఆ ప్లాను చెడ్డదని అనను. దానికి జోడీగా వచ్చే హెల్త్ సేవింగ్స్ అకౌంటు ఖాళీగా ఉంటేనే ప్రమాదం.

1996 చట్టం ప్రయోగంగా తెచ్చిన మెడికల్ సేవింగ్స్ అకౌంట్లకి వారసులే 2004లో అమల్లోకొచ్చిన ఈ హెచ్ఎస్ఏలు. 2026లో కుటుంబ ప్లానుకి డిడక్టిబుల్ కనీసం 3,400 డాలర్లు ఉండాలి. టీకాలు, వార్షిక పరీక్షల వంటివి మినహాయిస్తే, ఆ సొమ్ము దాదాపు అంతా మన జేబులోంచే. నెట్‌వర్కులోనే చూపించుకున్నా మన వాటా ఏడాదికి 17,000 దాకా పోవచ్చు. ఖాతాలో 8,750 వరకూ వేసుకోవచ్చు. వేసినప్పుడూ, పెరిగినప్పుడూ, వైద్యానికి తీసినప్పుడూ ఫెడరల్ పన్ను లేదు. మిగిలింది మురిగిపోదు, ఉద్యోగం మారినా మనదే. సెలవులకి హైదరాబాదు వెళ్ళి పన్ను కట్టించుకున్నా వాడుకోవచ్చు, రశీదు దాచుకోండి. మనల్ని చూడ్డానికొచ్చిన అమ్మానాన్నల వైద్యానికి మాత్రం మామూలుగా కుదరదు. పన్నులెక్కల్లో వాళ్ళు మన డిపెండెంట్లు కారు.

సొంత డబ్బయితే జనం ధర చూసి కొంటారన్నది దీని వెనకున్న సిద్ధాంతం. ఆసుపత్రులు ధరలు వెబ్‌సైట్లలో పెట్టాలని 2021 నుంచి నిబంధన కూడా ఉంది. అర్ధరాత్రి పిల్లాడికి ఊపిరాడకపోతే ఆ ఫైళ్ళు ఎవరు తిరగేస్తారు? 1970లలో మొదలైన రాండ్ సంస్థ ప్రయోగంలో, జేబులోంచి పెట్టాల్సి వచ్చిన జనం అనవసరమైన వైద్యంతోపాటు అవసరమైనదీ తగ్గించుకున్నారని తేలింది. ఖాతా ఖాళీగా ఉంటే మనమూ అదే చేస్తాం. గుండెల్లో నొప్పిని గ్యాసని సర్దిచెప్పుకుంటాం.

కాబట్టి టిక్కు పెట్టేముందు ఓ కాగితం తీయండి. ప్రతి ప్లానుకీ ఏడాది ప్రీమియం, మన వాటా గరిష్ఠ మొత్తం కలపండి; కంపెనీ ఖాతాలో వేసేది తీసేయండి. హై డిడక్టిబుల్ ప్లానే లాభమని తేలితే, ప్రీమియంలో మిగిలిన డబ్బుని మొదటి జీతం నుంచే ఖాతాలోకి మళ్ళించండి. డిడక్టిబుల్‌కి సరిపడా సొమ్ము చేతిలో లేనివాళ్ళు, ఈ ఏడాదికి ప్రీమియం ఎక్కువైనా పాత పద్ధతి ప్లానే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.