పాత గుడ్డలు మాకు కొత్త కాదు (గుడ్డ – బతుకు: 6వ భాగం)



ఆగస్టు 7 వస్తే చాలు, జాతీయ చేనేత దినోత్సవం పేరుతో మన కాలేజీల్లో సెమినార్లు. ఈ మధ్య వాటికి 'సస్టైనబుల్ ఫ్యాషన్' అని పేరు పెడుతున్నారు. వచ్చిన వక్తలు చెప్పేది ఇంచుమించు ఒకటే. కొత్తవి కొనడం తగ్గించండి, పాలియెస్టర్ మానండి, పాతవాటినే తిప్పి తిప్పి కట్టుకోండి, చేనేత కొనండి. గుడ్డల తయారీ నేలనూ నీళ్ళనూ పాడుచేస్తోందన్న మాటతో నాకు పేచీ లేదు. ఆ మాట ఎవరి ముందు నిలబడి చెబుతున్నారన్నదే నా పేచీ. ఎదురుగా కూర్చున్నది సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లలు. తిరుపతి గాంధీరోడ్డులో బేరమాడి మూడొందలకు చుడీదార్ కొనుక్కున్న పిల్లలు. ఏడాదికి రెండు మూడు జతలు కొనే పిల్లను 'తగ్గించుకో' అంటే, బీరువా తలుపు పట్టనన్ని చీరలున్న వాళ్ళతో ఏమంటారు?

పాత గుడ్డల గొప్పతనం మాకు చెప్పొద్దు. చండాలురు శవాల మీది గుడ్డలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం రాసిపెట్టింది. మా అవ్వ పెండ్లికి కట్టుకున్నది ఆసామి ఇంట్లో విడిచిన చీర. అది కూడా వాకిట్లో నిలబడి, కొంగు పట్టి తీసుకున్నదే. తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్ళు ఎద మీద గుడ్డ కప్పుకోవడానికి 1859 దాకా కొట్లాడాల్సి వచ్చింది. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ ఆడవాళ్ళతో వేరుగా మాట్లాడి, చీర కట్టే తీరు మార్చుకోండి, కులాన్ని పట్టిచ్చే నగలు వదిలేయండి అని చెప్పినాడు. అంతకు ఆరేళ్ళ ముందు, 1921లో, మధురైలో గాంధీ ఒంటి మీద గుడ్డ తగ్గించుకుని కొల్లాయి కట్టినాడు. ఒకాయన తగ్గించుకుంటే మహాత్ముడైనాడు. మా వాడలో మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుంటే ఇప్పటికీ 'యాడికిరా ఇంత సింగారం' అంటారు. ఆ మూడొందల చుడీదార్ మా పిల్లకు ఏమిటో తెలియాలంటే ఇదంతా తెలియాలి.

తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఇంకొక మాట. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చేసిన కులాల గ్రంథంలో మాలలు ముతక బట్ట నేసేవాళ్ళని ఉంది. ఆ ముతక బట్ట ఏ మ్యూజియంలో ఉంది? ఏ సెమినార్‌లో ఉంది? జరీ ఉన్నది హెరిటేజ్ అయింది, కూలోళ్ళ ఒళ్ళు కప్పింది మటుకు లెక్కలోకి రాలేదు.

సరే, చేనేత కొందాం. వెంకటగిరి చీర మన జిల్లాదే, శ్రీకాళహస్తి కలంకారీ మనదే. రెండింటికీ జీఐ గుర్తింపు ఉంది. కలంకారీ గుడ్డను కరక్కాయ, బర్రెపాలలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టి నలుపు తీస్తారు, కలంతో గీస్తారు, మళ్ళీ మళ్ళీ ఉతుకుతారు. రోజుల తరబడి పని. అదే బొమ్మను మిషన్ మీద అచ్చేసి 'కలంకారీ' అని అమ్మే అంగళ్ళు ఎన్ని లేవు? చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం చేసినారు. మొదట 22 రకాలు, తర్వాత 11కు కుదించినారు. ఆ పదకొండు కూడా మరమగ్గం మీద దర్జాగా నేస్తున్నారు. 2019–20 చేనేత గణన ప్రకారం మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల రాబడి ఐదు వేల లోపే. పన్నెండు వేల చీర కొనమని మాకు చెప్పేముందు, అందులో నేసినామెకు ముట్టేది ఎంతో చెప్పండి. మొన్న ఒక అంగట్లో ఇదే అడిగినా. 'చీర కావాలా మేడం, చరిత్ర కావాలా' అన్నాడు. రెండూ కావాలన్నా.

ఇక రంగు నీళ్ళు. నగరి, పుత్తూరు, నారాయణవనం పక్క మరమగ్గాలు జాస్తి. అద్దకం నీళ్ళు కుశస్థలి నదిలో కలుస్తున్నాయని అక్కడి రైతులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అదే నది దిగువన పూండి జలాశయానికి, అక్కడి నుంచి చెన్నై కొళాయిలకు పోతుంది. ఆ రంగు తొట్టెల్లో ఉత్త చేతులు పెట్టే కూలీలు ఎవరో, ఏ వాడ నుంచి వస్తారో మీరే కనుక్కోండి. తిరుప్పూరులో నొయ్యల్ నది కూడా ఇట్లనే చచ్చింది. రైతులు కోర్టుకెక్కినారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందల అద్దకం యూనిట్లను మూయించింది. వాడిన నీటిని చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకుంటేనే తెరవాలంది. అక్కడ మార్పు మొదలైంది అట్ల. ఎవరో పాత చొక్కాను ఇంకో ఏడాది తొడుక్కున్నందుకు కాదు.

2021 జనవరిలో దిండిగల్‌లో హెచ్ అండ్ ఎమ్‌కు గుడ్డలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవై ఏళ్ళ దళిత అమ్మాయి హత్యకు గురైంది. సూపర్‌వైజర్ ఆమెను నెలల తరబడి వేధించినాడని ఇంటివాళ్ళు, యూనియన్ చెప్పినారు. దళిత మహిళలు నడిపే ఆ యూనియన్ కంపెనీని వదల్లేదు, బ్రాండునూ వదల్లేదు. 2022 ఏప్రిల్లో దిండిగల్ ఒప్పందం కుదిరింది. తర్వాత గ్యాప్, పీవీహెచ్ కూడా చేరినాయి. వేధింపులు ఆపకపోతే ఆర్డర్లకే ఎసరొస్తుందన్నది ఒప్పందంలోని బలం. ఆ ఒప్పందంలో కులం పేరుతో జరిగే వివక్ష కూడా ఉంది. సస్టైనబుల్ ఫ్యాషన్ మీద మీరు చూసిన ఎన్ని పీపీటీల్లో కులం అనే మాట ఉంది?

కొనేవాళ్ళను కంపెనీలు గౌరవిస్తాయంటారు. ఎట్ల? 'మీ అభిప్రాయం చెప్పండి, అయిదు స్టార్లు ఇవ్వండి.' లేబుల్ మీద ఎమ్మార్పీ ఉంటుంది, ఎట్ల ఉతకాలో ఉంటుంది. ఎవరు కుట్టినారు, కూలి ఎంత, రంగు నీళ్ళు యాడికి పోయినాయి అనేది ఉండదు. యూరప్ వాళ్ళు 2024లో చట్టం తెచ్చినారు. వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలట, గుడ్డలూ ఆ వరసలో ఉన్నాయి. అంటే తిరుప్పూరు ఫ్యాక్టరీ బెర్లిన్‌లో కొనేవాళ్ళకు లెక్క చెప్పాలి. తిరుపతిలో కొనేవాళ్ళకు అక్కర్లేదా? మూడొందలు పెట్టి కొన్నా మా పిల్ల వినియోగదారే. ఆమెకు సిగ్గు నేర్పించే బదులు, ఈ లెక్క అడగడం నేర్పించండి. ఆ చుడీదార్ కుట్టింది ఆమె చిన్నమ్మో మేనత్తో కూడా అయివుండొచ్చు.

ఈ వారం మీరు కొన్న ఏ గుడ్డదైనా లేబుల్ ఫోటో తీసి కామెంట్లో పెట్టండి. ఏమేం రాసిలేదో వరసగా చూద్దాం.

ఏడో భాగం తెల్లారుజామున తడ, శ్రీసిటీ వైపు పోయే లేబర్ బస్సుల గురించి. ఆ బస్సుల్లో పోయే అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఇన్‌బాక్స్‌లో మాట్లాడండి. పేర్లు రాయను.