పలకమీద తొలి అక్షరము ఎవరిది?

మార్కాపురమనగానే తెలుగువారికి పలక జ్ఞప్తికి వచ్చును. భూగర్భ శాస్త్రజ్ఞులు కంభము పేరుతోనే వ్యవహరించు శిలాశ్రేణిలోని రాయి గనినుండి వెలికివచ్చి, పొరలుగా చీలి, చట్రములో నిమిడి, ఎన్నో తరముల బాలుర ఒడిలో అక్షరమునకు ఆసనమైనది. పలక తానుగా ఏమియు చెప్పదు. ఎవరు ముందుగా వ్రాసిన వారి మాటనే చూపును. శాసనము కూడ పుట్టుకలో ఇట్టిదే.

సభలో సభ్యులు చేతులెత్తినపుడు శాసనము పుట్టుచున్నదని పాఠ్యపుస్తకములు బోధించును. అది నామకరణోత్సవము మాత్రమే. అంతకు ఎంతో ముందుగా ఒక అధికారి చిత్తుప్రతి వ్రాయును. ఒక సహాయకుడు సభ్యుని ప్రసంగమునకు అంకెలు కూర్చును. సంఘపు కార్యాలయములో ఒక ఉద్యోగి సాక్షులనడుగవలసిన ప్రశ్నల పట్టిక తయారుచేయును. ఈ రహస్యము సామాన్యునికి తెలియదు గాని పరిశ్రమల సంఘములకు చక్కగా తెలియును. అందుచేత వారు మంత్రి ద్వారమువద్దనే నిలిచియుండరు. ఆ ప్రక్కనున్న చిన్నగదిలోని బల్లవద్దకు కూడ పోవుదురు.

అక్కడ వారు చేయు పని లంచమిచ్చుట కానక్కరలేదు. మొదట ఒక నివేదిక పంపుదురు. సందేహము కలిగినపుడు అడిగినదే తడవుగా సమాధానమిత్తురు. కర్మాగారమును చూపింతురు, చర్చాగోష్ఠికి పిలుతురు. తుదకు చిత్తుప్రతిలో చేర్చుటకు వీలైన వాక్యమును సిద్ధముగా అందింతురు. పది విషయములను ఒక్క సాయంకాలములో ముగింపవలసిన ఉద్యోగికి ఇంతకన్న ఉపకారమేమున్నది? తాను సమాచారమును వాడుకొనుచున్నానని ఆతడు తలచును. తానే ఒకరి వాడుకలో నున్నానని తలచడు. ధనముకన్న కృతజ్ఞత గట్టి బంధము.

అమెరికాలో ఈ వృత్తి బహిరంగముగనే సాగుచున్నది. శాసనసభ్యుల కార్యాలయములలో పనిచేసిన యువకులు కొంతకాలమునకు పరిశ్రమల పక్షమున చేరి, తమ పాత మిత్రుల నాశ్రయించుట అక్కడ సర్వసాధారణము. శాస్త్రసాంకేతిక విషయములలో సభ్యులకు నిష్పాక్షికమైన సలహానిచ్చుటకు 1972లో ఒక కార్యాలయమును నెలకొల్పి, 1995లో మూసివేసిరి. సొంత దీపమును ఆర్పుకొన్న ఇంటికి పొరుగువాని దీపమే గతి. అయినను అదే 1995లో, ఎవరు ఎవరి పక్షమున పనిచేయుచున్నారో నమోదు చేయించుకొనవలెనని అక్కడ శాసనము చేసిరి. భారతదేశములో అట్టి శాసనమే లేదు.

ఇచ్చట పార్లమెంటులో శాఖలవారీ స్థాయీసంఘములు 1993లో ఏర్పడినవి; 2004లో వాని సంఖ్య 17 నుండి 24కు పెరిగినది. పని పెరిగినను సభ్యునికి సొంతముగా పరిశోధకులు లేరు. ఆ కొరతలోనికి ఎవరు ప్రవేశింతురో 2015లో దేశము చూచినది. పొగాకు పొట్లములపై 85 శాతము మేర హెచ్చరిక బొమ్మలుండవలెనని ఆరోగ్యశాఖ 2014లో ప్రకటించెను. 2015 ఏప్రిల్ 1న అమలు కావలసిన ఆ నియమము, లోక్‌సభ ఉపశాసన సంఘము పరిశీలన పేరిట ఆగిపోయెను. ఆ సంఘ సభ్యులలో ఒకరు స్వయముగా బీడీ పరిశ్రమాధిపతి. 50 శాతము చాలునని సంఘము 2016 మార్చిలో సిఫారసు చేసెను. ప్రభుత్వము దానిని త్రోసిపుచ్చి 2016 ఏప్రిల్ 1 నుండి 85 శాతమునే అమలుపరచెను. కాని ఒక సంవత్సరము గడచిపోయెను. ఆ వాదములలో పొగాకు రైతుల జీవనోపాధి పదేపదే వినవచ్చెను. పొదిలి, కనిగిరి వేలము కేంద్రములకు బేళ్ళు తెచ్చు రైతు పేరు అట్లు రాజధానికి పోయినది. కలము మాత్రము ఆతని చేతిలో లేదు.

పలకల కథ మరింత ఆలోచింపదగినది. 1987నాటి జాతీయ బాలకార్మిక విధానము, పిల్లలు పనిచేయుచున్న పరిశ్రమలను పేర్కొనుచు, మధ్యప్రదేశములోని మందసౌరుతోపాటు మార్కాపురము పలకల పరిశ్రమను ఎన్నుకొన్నది. 1986నాటి బాలకార్మిక చట్టపు నిషిద్ధ పనుల పట్టికలో బలపముల తయారీ తరువాత చేరినది. అట్టి పట్టికలో ఏ పని చేర్చవలెనో సలహా చెప్పుటకు చట్టములోని 5వ విభాగము ఒక సాంకేతిక సంఘమును కల్పించినది. ఒక్క మాట చేరినచో ఒక బాలిక బడికి పోవును. చేరనిచో దుమ్ములో కూర్చుండును. అక్షరము నేర్పు పలకను చేయుచు అక్షరమెరుగని పిల్లలు ఆ సంఘమునకు వినతిపత్రము ఎట్లు వ్రాయగలరు?

వస్తుసేవల పన్ను 2017 జూలై 1న వచ్చినపుడు పలకలకు, బలపములకు పన్ను లేని పట్టికలో చోటు దొరకినది. 2025 సెప్టెంబరు 22 నుండి పెన్సిళ్ళు, నోటుపుస్తకములు కూడ అందు చేరినవి. ఇవి మంచి నిర్ణయములే. కాని పన్ను తగ్గింపుడని అడుగుటకు ఏ వస్తువునకైనను ఒక వర్తక సంఘముండును. రాతిదుమ్ము పీల్చు ఊపిరితిత్తులకు సంఘమేది?

వర్తక సంఘములు తమ మాట చెప్పుకొనుట తప్పు కాదు. 1928లో చెన్నపట్టణమున వెలసిన ఆంధ్ర వాణిజ్య మండలివంటివి, పరాయి ప్రభుత్వపు దినములలో దేశీయ వర్తకులకు గొంతుకనిచ్చినవి. తప్పంతయు ఒక్క పక్షమే వినబడుటలోను, అదియు చాటున వినబడుటలోను ఉన్నది. సంఘముల నివేదికలలో సాక్షుల పేర్లు అచ్చగును. సిబ్బందితో గది వెలుపల జరిగిన సంభాషణలు అచ్చుకావు. అవియు నమోదు కావలెను.

చిత్తు శాసనములను కనీసము 30 దినములు ప్రజల ముందుంచవలెనని 2014లో కేంద్రము ఒక విధానము నిర్ణయించినది. కాని తెలుగులో లేని చిత్తు గిద్దలూరు రైతునకు ముప్పది సంవత్సరము లుంచినను ఒక్కటే. 2020లో పర్యావరణ ప్రకటన చిత్తును షెడ్యూలులోని 22 భాషలలోనికి అనువదింపవలెనని ఢిల్లీ హైకోర్టు ఆదేశించినది. అది ప్రతి చిత్తుకును నియమము కావలెను.

మిగిలిన పని ఉపాధ్యాయులది. లేఖారచనమనగా సెలవు చీటి మాత్రమే కాదు. కంభము, యర్రగొండపాలెము, గిద్దలూరు ఉన్నత పాఠశాలలలో ఏడాదికొకసారి ఒక చిత్తు శాసనమును తరగతిలో చదివించి, తమ ఊరి కష్టమును అంకెలతో, మర్యాదగా, సూటిగా వ్రాయించి పంపించిన చాలును. వ్రాసినదంతయు నెగ్గకపోవచ్చును. కాని రాజధానిలోని ఆ చిన్నగదిలో, ఆ బల్లమీద, ఒక్క పక్షపు కాగితమే ఉండదు. పలకలు చేసి దేశమునకిచ్చిన సీమ, తన మాటను తాను వ్రాసికొనుట నేర్వవలెను.